పిల్లలతో కలిసి చూడటం

(బెంటన్‌విల్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రణ పాఠం)

 

ఇక్కడ శనివారాలు మన పిల్లలకి తెలుగు చెప్పిన మాస్టారి స్మారకోపన్యాసం ఈ ఏడాది నన్ను చెయ్యమన్నప్పుడు వెనకాడాను. ఈ వేదిక మీద డాక్టర్లు, ప్రొఫెసర్లు మాట్లాడారు. నేను ఈ ఊళ్లో ఒక ఎలిమెంటరీ బడిలో పారాని, అంటే క్లాసు టీచరుకి సాయంగా ఉండే మనిషిని. కోటు జిప్పు వెయ్యడం, ఊడిన పన్నుని చిన్న డబ్బాలో పెట్టి భద్రంగా ఇంటికి పంపడం, ఏడుస్తూ బస్సు దిగిన పిల్లని క్లాసు దాకా నడిపించుకు రావడం నా పనులు. మాస్టారైతే వీటిని చిన్న పనులు అనేవారు కాదని తర్వాత తోచింది. హైస్కూలుకి ప్రమోషన్ వచ్చినా వద్దనుకుని, ప్రకాశం జిల్లాలో ఒకటో తరగతి పిల్లల మధ్యే రిటైరయిన మనిషి ఆయన. మన దగ్గర ఒకటో తరగతి మాస్టారికన్నా పదో తరగతి మాస్టారికి గౌరవం ఎక్కువ. ఆ లెక్క తలకిందులుగా ఉందని ఆయన అభిప్రాయం, నాదీ అంతే. అందుకని ఒకటో తరగతి వయసు వాళ్ల గురించే మాట్లాడతాను.

మైండ్‌ఫుల్‌నెస్, ఎంపతీ అని రెండు మాటలు ఇప్పుడు బడి గోడల మీద కనిపిస్తున్నాయి. మీ పిల్లలు ఇంట్లో కూడా అంటూనే ఉంటారు. వాటికి తెలుగు మాటలు వెతికే పని ఇవాళ పెట్టుకోను. వాటి పేరు మీద క్లాసులో ఏం జరుగుతుందో చెబుతాను. చాలామంది తల్లిదండ్రులకి అది చూసే వీలుండదు కదా.

పొద్దున్నే బ్యాగులు తగిలించాక పిల్లలంతా రగ్గు మీద గుండ్రంగా కూర్చుంటారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడాన్ని ఇక్కడ ‘క్రిస్ క్రాస్ యాపిల్‌సాస్’ అంటారు. మన పిల్లలకి అది ఇంటి విద్యే గనక ఆ ఒక్క దాంట్లో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మార్నింగ్ మీటింగ్‌లో పక్కవాళ్లని పేరు పెట్టి పిలిచి, ముఖంలోకి చూసి పలకరించాలి. తర్వాత టీచరు చిన్న గంట మోగిస్తుంది. మోత పూర్తిగా ఆగింది అనిపించాక చెయ్యెత్తాలి. బడి తెరిచిన కొత్తలో అందరూ ఒకరినొకరు చూసుకుని ఒకేసారి ఎత్తేస్తారు. దసరా రోజులు వచ్చేసరికి ఎవరి చెవిని వాళ్లు నమ్ముకోవడం మొదలవుతుంది.

ఆ తర్వాత ఊపిరి. ఆరేళ్లవాడితో ఊపిరి మీద ధ్యాస పెట్టమంటే బిక్కముఖం వేస్తాడు. చేతిలో వేడి కోకో కప్పు ఉందనుకో, వాసన పీల్చు, ఇప్పుడు చల్లారేలా ఊదు అంటే ఇట్టే చేసేస్తాడు. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద మెత్తటి బొమ్మ పెడితే అది లేవడం, దిగడం చూస్తూ ఉండిపోతాడు. వదిలే ఊపిరి నిదానమైతే గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఇందులో మహిమ ఏమీ లేదు, శరీరం తీరు అది.

2024 మే 26న ఇంకా తెల్లవారకముందే మన బెంటన్ కౌంటీ మీద టోర్నడో విరుచుకుపడింది. ఆ రాత్రి క్లాజెట్లలో, బాత్‌టబ్బుల్లో పిల్లల్ని పొదువుకుని కూర్చున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. సెలవుల తర్వాత బడిలో మొదటిసారి టోర్నడో డ్రిల్ చేసినప్పుడు కొందరు వణికిపోయారు. అందరూ హాలులో గోడవైపు తిరిగి, మోకాళ్ల మీద వంగి, తల మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. ఒక పిల్ల పక్కవాడితో గుసగుసగా ‘కోకో ఊదు, కోకో ఊదు’ అంటోంది. ఆ పిల్లకి అలా చెప్పమని ఎవరూ చెప్పలేదు. రోజూ చేసే ఆ ఐదు నిమిషాల సాధన మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

గురి ఉందని కళ్లు మూసుకోలేను. ఈ సాధన పిల్లల కోసం పుట్టింది కాదు. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ వైద్య విశ్వవిద్యాలయంలో, మందులతో తగ్గని నొప్పులున్న పెద్దవాళ్ల కోసం ఎనిమిది వారాల శిక్షణగా దీన్ని తయారు చేశాడు. వాళ్లు నొప్పి భరించలేక, తమంతట తాము వచ్చి కూర్చున్నవాళ్లు. బడి పిల్లలు అలా కాదు, కూర్చోమంటే కూర్చుంటారు. ఆ తేడా ఎంతటిదో బ్రిటన్‌లో తేలింది. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన విల్లెమ్ క్యూకెన్ బృందం 84 బడుల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో ‘మిరియడ్’ అనే పెద్ద పరిశోధన చేసి, 2022లో ఫలితాలు వెల్లడించింది. సగం బడుల్లో టీచర్లకి శిక్షణ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు. మిగతా సగంలో మామూలుగా చెప్పే జీవన నైపుణ్యాల పాఠాలే సాగాయి. పిల్లల మనసు కుదుటపడటంలో రెండింటికీ తేడా కనిపించలేదు. ఇంటి దగ్గర సాధన చెయ్యమంటే ఎక్కువమంది చెయ్యనే లేదు. అప్పటికే దిగులుతో ఉన్న పిల్లల్లో కొందరికి ఇది పడకపోవచ్చన్న అనుమానం కూడా మిగిలింది.

వాళ్లు పదకొండు దాటిన పిల్లలు, మా రగ్గు మీది ఆరేళ్లవాళ్లు కాదు. అయినా ఆ ఫలితాల్లో అందరూ పైపైన చదివి వదిలేసిన సంగతి ఒకటుంది. శిక్షణ పొందిన టీచర్లలో అలసట, విసుగు కొంత తగ్గాయి. మందు పిల్లల కోసం తెస్తే పనిచేసింది పెద్దవాళ్లకి! చాలామంది దీన్ని వైఫల్యంగా చదివారు. నాకు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పినట్టు అనిపించింది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2011లో జోసెఫ్ డర్లాక్ బృందం, బళ్లలో మనసుకీ మాటకీ మన్ననకీ సంబంధించిన పాఠాలు చెప్పే 213 కార్యక్రమాలను కలిపి చూసింది. మొత్తం రెండు లక్షల డెబ్భై వేల మంది పిల్లలు. ఆ పాఠాలు విన్నవాళ్లు చదువులో కూడా సగటున 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారు. మార్కులు తగ్గిపోతాయేమో అని భయపడే తల్లిదండ్రులకి నేను ఈ అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటాను. నిజానికి మార్కుల కోసం దయ నేర్పడం నాకు ఇష్టం లేదు.

ఇక మన ఊరికి వస్తాను. ఎంపతీ గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా చెప్పుకోదగ్గ ప్రయోగం ఒకటి మన ఇంటికి కూతవేటు దూరంలోనే జరిగింది. మనలో చాలామందికి తెలీదు.

క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం 2011 నవంబరు 11న తెరిచారు. ఆలిస్ వాల్టన్ కట్టించింది, మోషే సాఫ్డీ గీసిన భవనం. మన దేశం నుంచి చుట్టాలొస్తే మనమంతా తీసుకెళ్లేది అక్కడికే. చెరువు పక్కన ఫొటోలు దిగి, లోపల ఒక చుట్టు చుట్టి, ఆకలేస్తోందంటూ వచ్చేస్తాం. తెరిచిన కొత్తలో బడి పిల్లల్ని ఉచితంగా తీసుకెళ్లే ఏర్పాటు చేస్తే, పట్టనన్ని బళ్లు దరఖాస్తు పెట్టుకున్నాయి. ముందెవరు, తర్వాతెవరు అనేది లాటరీ వేసి తేల్చారు. ఫయెట్‌విల్‌లోని ఆర్కన్సా విశ్వవిద్యాలయం వాళ్లు, జే గ్రీన్, బ్రయాన్ కిసిడా, డేనియల్ బోవెన్, ఆ లాటరీని అదనుగా తీసుకున్నారు. ముందు వెళ్లిన పిల్లల్ని, ఇంకా వంతు రాని పిల్లల్ని పోల్చి చూశారు. 123 బడులు, 10,912 మంది పిల్లలు, 489 మంది టీచర్లు.

పిల్లలు అక్కడ చేసింది పెద్దగా ఏమీ లేదు. సుమారు గంటసేపు తిరిగి, ఐదంటే ఐదు బొమ్మలు చూశారు. పక్కనున్న గైడు ముందే కథ చెప్పెయ్యకుండా, మీకేం కనిపిస్తోంది అని అడిగి ఆగింది. వాళ్లే మాట్లాడుకున్నారు. కొన్ని వారాల తర్వాత పరిశోధకులు బళ్లకి వెళ్లి ప్రశ్నలడిగారు. ఈస్ట్‌మన్ జాన్సన్ గీసిన ఒక చిత్రంలో మేపుల్ చెట్ల నుంచి చక్కెర కాచే మనుషులుంటారు. బానిసల చేత చెరకు పండించి చేసిన చక్కెర కొనకూడదని, బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు ఈ చక్కెర వాడేవారు. ఆ బొమ్మ చూసిన పిల్లల్లో నూటికి 88 మందికి ఆ సంగతి గుర్తుంది. పరీక్ష ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు.

జ్ఞాపకం ఒక్కటే అయితే నేనింత ఇదిగా చెప్పను. వెళ్లొచ్చిన పిల్లలు వెనకటి కాలం మనుషులు ఎలా బతికారో, ఏమనుకుని ఉంటారో ఊహించడంలో మెరుగయ్యారు. తమకి నచ్చని అభిప్రాయం ఉన్నవాళ్లని సహించడంలో మెరుగయ్యారు. కొత్త బొమ్మ చూపిస్తే అందులో ఎక్కువ వివరాలు పట్టుకున్నారు. మార్పు కొండంత కాదు, సగం రోజు ప్రయాణానికి తగ్గంత. పట్నానికి దూరంగా ఉన్న పల్లె బళ్ల పిల్లల్లోనూ, పేద బళ్ల పిల్లల్లోనూ మార్పు మరింత ఎక్కువ కనిపించింది.

ఈ ప్రయోగాన్ని ఎవరూ మైండ్‌ఫుల్‌నెస్ అనలేదు. కానీ చూడండి: తొందర లేని ఒక పెద్ద మనిషి, పిల్లల పక్కన నిలబడి, ఒకే వస్తువుని వాళ్లతో కలిసి చూసింది. ప్రశ్న అడిగి, జవాబు కోసం నిజంగా ఆగింది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. పిల్లలకి ధ్యాస అంటే ఏమిటో, పక్క మనిషిని పట్టించుకోవడం అంటే ఏమిటో, తమ మీద అలా ధ్యాస పెట్టినవాళ్ల దగ్గరే అబ్బుతుంది. పీరియడు, పోస్టరు, యాప్ అన్నీ దాని తర్వాతే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి పేదపిల్లల బడి తెరిచింది. ఒకరోజు వాకిట్లో ఒక తల్లి ఎత్తుకున్న నాలుగు నెలల పాపని తీసుకుని క్లాసులోకి వెళ్లింది. పొత్తిళ్లలో చుట్టిన ఆ పాప కదలకుండా, ఏడవకుండా ఉంది. ఈ పాప ఎంత నిశ్శబ్దంగా ఊపిరి తీస్తోందో చూడండి, మీలో ఎవరికీ అలా చేతకాదు అని సరదాగా అంది. పిల్లలు కాళ్లు దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి చూశారు. ఎన్నడూ వినబడని గోడగడియారం చప్పుడు ఆ గదిలో వినబడిందట. మాంటిస్సోరి బళ్లలో ఇప్పటికీ ఆడే మౌనం ఆట అక్కడ పుట్టింది. ఆ ఆటలో టీచరు దూరం నుంచి గుసగుసగా ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. పేరు వినబడిన పిల్ల చప్పుడు కాకుండా లేచి వెళ్లాలి. అరిచి పిలిచే పేరుకీ, మనకోసం ఎవరో మెల్లగా పిలిచే పేరుకీ ఎంత తేడా ఉంటుందో పెద్దయినా మరిచిపోం. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల చిక్కుకుపోయి, మన దేశంలో వందలమంది టీచర్లకి ఈ పద్ధతి నేర్పింది.

సుమారు తొంభై ఏళ్ల తర్వాత, 1996లో, కెనడాలోని టొరంటోలో మేరీ గోర్డన్ కూడా పసిబిడ్డనే క్లాసులోకి తెచ్చింది. ‘రూట్స్ ఆఫ్ ఎంపతీ’ అని ఆ కార్యక్రమం పేరు. ఆ చుట్టుపక్కలుండే ఒక తల్లో తండ్రో తమ బిడ్డతో ఏడాది పొడుగునా నెలకోసారి క్లాసుకి వస్తారు. మొదటిసారి వచ్చేటప్పటికి బిడ్డకి రెండు మూడు నెలలు ఉంటాయి. నేలమీద ఆకుపచ్చ దుప్పటి పరిచి బిడ్డని పడుకోబెడతారు. పిల్లలు చుట్టూ కూర్చుంటారు. ఎందుకు ఏడుస్తోంది? ఆకలా, నిద్రా, వెలుతురు పడలేదా? బిడ్డ మాట్లాడదు గనక ఊహించాలి, ఊహ తప్పితే ఇంకోటి ఆలోచించాలి. క్లాసులో అందరికన్నా మొరటుగా ఉండే కుర్రాడు ఆ దుప్పటి అంచున ఎలా కూర్చుంటాడో ఎవరైనా ఊహించగలరు. మన ఇళ్లలో ఇంటినిండా పిల్లలున్న రోజుల్లో ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేకుండానే జరిగేది. చంకన చెల్లిని వేసుకుని బడికొచ్చిన ఆడపిల్లలు మాస్టారి క్లాసులో ఎప్పుడూ ఉండేవారట. ఆ పిల్లల చదువు పాడైపోయింది కాబట్టి ఆ రోజులే బాగున్నాయని నేను అనను.

మన మదనపల్లె మనిషి గురించి చెప్పకుండా ఈ విషయం ముగియదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో అక్కడ పుట్టాడు. తర్వాత మైలాపూరు బడిలో చదివినప్పుడు ఆయన పరధ్యానం చూసి మొద్దబ్బాయి అని మాస్టరు రోజూ కొట్టి, వరండాలో నిలబెట్టేవాడు. సాయంత్రం తమ్ముడు నిత్యానంద వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాకా ఆ పిల్లవాడి సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ధ్యాస లేదని తన్నులు తిన్న ఆ పిల్లవాడే పెద్దయ్యాక, లోకమంతా తిరిగి, ధ్యాస అంటే ఏమిటో మాట్లాడాడు. ఏకాగ్రత వేరు, అవధానం వేరు అన్నది ఆయన వాదం. ఒకదాని మీదికి మనసుని బలవంతంగా లాగి, మిగతావాటిని గెంటెయ్యడం ఏకాగ్రత. కిటికీలోంచి పిట్టను చూస్తున్న పిల్లవాణ్ని పుస్తకం వైపు లాక్కురావడం కన్నా, ఆ పిట్టనే పూర్తిగా చూడనివ్వమనేవాడు. ధ్యానానికి పద్ధతులంటే ఆయనకి అస్సలు గిట్టేది కాదు. మైండ్‌ఫుల్‌నెస్ యాప్ చూపిస్తే ఆయన ఏమనేవాడో ఊహించుకోవడం నాకో కాలక్షేపం.

ఆయన మదనపల్లెకి దగ్గర్లో పెట్టిన రిషివ్యాలీ బడిలో ‘అస్తాచల్’ అని ఒక అలవాటుంది. సాయంత్రం పిల్లలు ఒకచోట చేరి, ఏమీ మాట్లాడకుండా, కొండల వెనక పొద్దుగుంకడం చూస్తారు. ఊపిరి లెక్కపెట్టమనీ, కళ్లు మూసుకోమనీ ఎవరూ అనరు. పిల్లలతోపాటు టీచర్లూ కూర్చుంటారు. నాకు ముఖ్యంగా కనిపించేది ఆ కూర్చోవడమే.

మన దేశంలో సర్కారు బడులకి కూడా ఈ గాలి వీచింది. ఢిల్లీలో 2018 జూలైలో దలైలామా చేత హ్యాపీనెస్ పీరియడు మొదలుపెట్టించారు, నర్సరీ నుంచి ఎనిమిది దాకా, పరీక్ష లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆనంద వేదిక’ పేరుతో అలాంటిదే తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ మన పల్లె బడిలో ఒక్క మాస్టారు రెండు మూడు తరగతులు కలిపి చెబుతూ, హాజరు యాప్‌లో వేసి, మధ్యాహ్న భోజనం ఫొటో తీసి ఎక్కించాలి, 2024 దాకా మరుగుదొడ్ల ఫొటో కూడా తీసి పంపాల్సి వచ్చేది. నెట్టు రాకపోతే ఫోను పట్టుకుని వేప చెట్టెక్కాలి. అలాంటి మాస్టారి చేతికి ఆనందం పాఠ్యపుస్తకం ఇస్తే ఆయన దాన్ని ఇంకో రికార్డుగానే చూస్తాడు. ఆయన చేతిలో ఫోను దించనివ్వండి, ఆనంద వేదిక సగం దానంతట అదే నడుస్తుంది.

ఇప్పుడు కొంచెం కటువుగా ఒక మాట. ఈ పాఠాల్ని తప్పుగా వాడటం నేను చూశాను, ఏ బడి అన్నది చెప్పను. మనవాడొకడు డబ్బాలో పులిహోర తెచ్చుకున్నాడు. ఎదుటి బల్ల మీద ఇద్దరు ముక్కు మూసుకుని నవ్వారు. వీడు డబ్బా విసిరికొట్టాడు. వీణ్ని కామ్ డౌన్ కార్నర్‌కి, అంటే కుదుటపడటానికి పెట్టిన మూలకి, పంపి కోకో ఊదమన్నారు. వాళ్లిద్దరూ అన్నం తిని ఆటకెళ్లారు. బాధపడ్డవాడికి మైండ్‌ఫుల్‌నెస్ నేర్పి, బాధపెట్టినవాడికి ఎంపతీ నేర్పకపోతే, అది నోరు మూయించడానికి కొత్త పేరు. కోపానికి కారణం ఉన్నప్పుడు ముందు కారణం వినాలి, ఊపిరి సంగతి తర్వాత. ఆ మూల కూడా పిల్లవాడు తనంతట తాను వెళ్లే చోటుగా ఉండాలి. పంపించే చోటయితే అది పాత కాలపు గోడకుర్చీయే.

పోనీ మనవాళ్లెప్పుడూ బాధపడేవాళ్లే అనుకోకండి. పక్కనున్న స్ప్రింగ్‌డేల్‌లో మార్షల్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మెక్సికో, సాల్వడార్ పిల్లలున్నారు. వాళ్ల రంగు గురించి, వాళ్ల తండ్రులు కోళ్ల ఫ్యాక్టరీల్లో చేసే పని గురించి మన పిల్లలు అనే మాటలు నాకు తెలుగులో వినబడతాయి. నాకు అర్థం కాదనుకుంటారు పాపం. ఆ మాటలు వాళ్లు రగ్గు మీద నేర్చుకోలేదు. భోజనాల బల్ల దగ్గర మనం ఎవరిది ఏ కులమో ఆరా తీస్తూ, ఎవరి పిల్ల నలుపో తెలుపో మాట్లాడుకుంటూ ఉంటే, బడిలో ఎంపతీ పాఠం ఎంతకని నిలుస్తుంది? చలం బళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగిన మనిషి. ‘బిడ్డల శిక్షణ’ పుస్తకంలో ఆయన శిక్షణ చెప్పింది బిడ్డలకి కాదు, తల్లిదండ్రులకి.

మన ఊరికి ఇంకో ప్రత్యేకత ఉంది. 2000 జనాభా లెక్కల్లో బెంటన్‌విల్ ఇరవై వేలు కూడా లేదు. 2020కి 54 వేలు దాటింది. 1950లో శామ్ వాల్టన్ నడిబొడ్డున చిన్న దుకాణం పెట్టిన ఊరికి 2024లో వాల్‌మార్ట్ ఉద్యోగుల్ని డాలస్ నుంచి, అట్లాంటా నుంచి తరలి రమ్మన్నారు. సరుకులమ్మే కంపెనీల వాళ్లూ, కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లూ వస్తుంటారు, పోతుంటారు. అంచేత మా క్లాసు సంవత్సరం మొదట్లో ఉన్నట్టు చివర్లో ఉండదు. జనవరిలో ఒక పిల్ల గుంటూరు నుంచి తిన్నగా వచ్చి రగ్గు మీద కూర్చుంటుంది. ప్రాజెక్టు అయిపోయిందని మార్చిలో ఇంకొకడు వెళ్లిపోతాడు. వాడి పేరున్న హుక్కు ఖాళీగా ఉంటుంది. ఎక్కడికి వెళ్లాడని మిగతావాళ్లు అడుగుతారు. ఎంపతీకి ఇంతకన్నా దగ్గరి పాఠం ఎక్కడ దొరుకుతుంది? కొత్తగా వచ్చిన పిల్లకి బాత్రూం ఎక్కడో చూపించే పని ఒకరికి, భోజనం ట్రే పట్టుకోవడం చూపించే పని ఒకరికి అప్పజెబితే, మార్నింగ్ మీటింగ్‌లో చెప్పే పది మంచి మాటలకన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

ఆ గుంటూరు పిల్లని ఇవాళ నీకెలా ఉందో ఇంగ్లీషులో చెప్పమంటే నోరు విప్పదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లల కోసం ముందు తాను సవర నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. మనం అంత చెయ్యనక్కర్లేదు. తెలుగొచ్చిన ఇంకో పిల్లని పక్కన కూర్చోబెట్టమని టీచరుని అడిగితే చాలు, సంతోషంగా చేస్తారు.

మనం ఉంటున్న ఆర్కన్సా రాష్ట్రం మనకి చేసిపెట్టినవి కూడా తెలుసుకోండి. 2019 ఒక్క ఏడాదిలోనే మూడు మంచి పనులు జరిగాయి. విద్యాశాఖ ‘గైడ్ ఫర్ లైఫ్’ పేరుతో ఐదు గుణాలు పిల్లలకి నేర్పాలని చెప్పింది, వాటిలో ఐదోది ఎంపతీ. బడి కౌన్సెలరు తన సమయంలో నూటికి 90 వంతులు పిల్లల కోసమే వాడాలని చట్టం చేశారు. ఎలిమెంటరీ పిల్లలకి రోజూ 40 నిమిషాలు రీసెస్ ఇచ్చి తీరాలని ఇంకో చట్టం. నన్నడిగితే మూడింటిలోకీ గొప్పది ఆ 40 నిమిషాలే. వీరీవీరీ గుమ్మడిపండు ఆడిన మనకి ఎవరూ ప్రత్యేకించి చెప్పక్కర్లేదు: కళ్లు మూసుకుని, ఎదురుగా వచ్చింది ఎవరో అడుగుల చప్పుడుని బట్టి పట్టుకోవాలంటే ఎంత ధ్యాస కావాలి! ఆటలో ఓడినవాణ్ని మళ్లీ ఆటలో కలుపుకోవడం ఎంత ఎంపతీ! 2025లో బడి గంటల్లో ఫోన్లు వద్దని కూడా చట్టం తెచ్చారు. పెద్దవాళ్లకి అలాంటి చట్టం రాలేదు.

అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. అలబామాలో 1993 నుంచి బళ్లలో యోగా నిషేధం. 2021లో ఎత్తేశారు గానీ, ఆసనాలకి ఇంగ్లీషు పేర్లే వాడాలి, నమస్తే అనకూడదు అని షరతు పెట్టారు. మనలో కొందరికి అది రోషం తెప్పించింది. నాకైతే రోషం రాలేదు. ఊపిరికి పేరు ఏ భాషలో పెట్టినా పొట్ట మీది బొమ్మ అలాగే లేచి దిగుతుంది. మన మతాన్ని బడిలోకి తెస్తున్నామన్న భయం ఇక్కడి తల్లిదండ్రులకి ఉంటే, ఆ భయాన్ని కూడా అర్థం చేసుకోవడం ఎంపతీలో భాగమే.

మాస్టారు రిటైరయి కొడుకు దగ్గరికి వచ్చాక, శనివారాలు తెలుగు చెప్పేవారు. హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరుకీ తల ఎత్తి ఆ పిల్ల ముఖం చూసి, తర్వాతే టిక్కు పెట్టేవారు. పదిహేను మంది హాజరుకి చాలాసేపు పట్టేది. బయట కార్లలో కూర్చున్న తండ్రులు గడియారం చూసుకునేవారు. ఒకసారి ఆలస్యం గురించి ఎవరో అడిగితే, ‘పాఠం అయిపోయిందండీ, ఇక అక్షరాలే మిగిలాయి’ అన్నారు.

మిమ్మల్ని కోరేవి కొన్నే. మీ పిల్లల బడి కౌన్సెలరు పేరేమిటో మీలో ఎంతమందికి తెలుసు? ఏదైనా గొడవ వచ్చినప్పుడే కాకుండా ఈ నెలలో ఒకసారి వెళ్లి పలకరించి రండి. పిల్లలు కారెక్కగానే టెస్టులో ఎంతొచ్చింది అనే ప్రశ్న వెనక్కి పెట్టి, రీసెస్‌లో ఎవరితో ఆడావు, ఎవరు ఒంటరిగా ఉన్నారు అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి, ఫోను మోగినా సరే. క్రిస్టల్ బ్రిడ్జెస్‌లో శాశ్వత సేకరణ చూడటానికి టికెట్టు లేదు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్లు ఎంచుకున్న ఒక్క బొమ్మ ముందు వాళ్లు చాలనేదాకా నిలబడండి. మీరేమీ చెప్పకండి, అడగండి.

చివరిగా, శనివారం తెలుగు తరగతికి మాస్టారు పోయాక ఒకటో స్థాయి పిల్లల దగ్గర కూర్చునేవాళ్లు లేరు. తెలుగు బాగా వచ్చి ఉండాలని లేదు. గంటసేపు ఫోను పక్కన పెట్టి పిల్లల మధ్య నేలమీద కూర్చోగలిగితే చాలు. ఇద్దరు కావాలి. సభ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల మీద కాగితం ఉంటుంది, మీ పేరు రాసి వెళ్లండి.